డబ్బునకు ముద్దుపేర్లు

మొన్న అమలాపురము బజారులో ఒక వృద్ధురాలు బెండకాయలు బేరమాడుచు, "పావలా తగ్గించవే అమ్మాయీ" అనిరి. కూరలమ్మి పకాలున నవ్వి, "ఆయ్, పావలా ఎక్కడుందండీ మామ్మగారూ! ఐదు రూపాయలు తగ్గిస్తాను, పట్టుకెళ్లండి" అన్నది. మామ్మగారి చేయి పట్టుకొనియున్న మనుమరాలు తలయెత్తి, "పావలా అంటే ఏమిటి మామ్మా?" అని అడిగినది. బేరము తెగినది గాని, బజారు దాటువరకు ఆ పిల్లకు సమాధానము దొరకలేదు. "పావలా అంటే పావలాయే" అనుచు మామ్మగారు నడచుచుండిరి.

ఆ బిడ్డ ప్రశ్న మమ్మును విడువలేదు. పావలా బిళ్ల 2011 జూన్ 30 నుండి చెల్లుబాటు కాలేదు. అయినను దాని పేరు మన నోట నిలిచియున్నది. ఇట్టి పేర్లు మనకు ఎన్నియో కలవు. ధనమును మనము అసలు పేరుతో పిలుచుట తక్కువ; బిడ్డలకు వలెనే దానికిని ముద్దుపేర్లు పెట్టుకొందుము. ముద్దుపేరు వినుట కింపుగా నుండును. దాని వెనుక నున్న మొత్తమెంతయో తెలియకున్నచో మాత్రము అదే మాట ఇల్లాలిని ముంచివేయును. ఈ సంగతినే నేడు సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. ఆంగ్లేయులు తమ పౌనును 'క్విడ్' అని, షిల్లింగును 'బాబ్' అని, ఆరు పెన్నీల బిళ్లను 'టానర్' అని పిలుచుకొనెడివారు. అయిదు పౌనుల నోటు వారికి 'ఫైవర్', పది పౌనులది 'టెన్నర్'. రొట్టె యనియు, రొట్టె చేయు పిండిముద్ద యనియు అర్థము గల 'బ్రెడ్', 'డో' అను మాటలను సైతము వారు డబ్బునకు వాడుదురు. మనము మాత్రము తక్కువా? లంచగొండిని గూర్చి "డబ్బు తిన్నాడు" అనుచునే యున్నాము గదా! అమెరికాలో 1861లో అంతర్యుద్ధము మొదలైన పిదప ప్రభుత్వమువారు వెనుకప్రక్క పచ్చసిరాతో అచ్చువేసిన నోట్లను విడుదల చేసిరి. జనులు వానిని 'పచ్చవీపులు' అను అర్థము వచ్చునట్లు 'గ్రీన్‌బ్యాక్' అనిరి. మన 'పచ్చనోటు' వినినప్పుడెల్ల మాకు ఆ మాట స్ఫురించును.

మన పేర్లు అంతకంటె పాతవి. గౌతమి కావలి యొడ్డున ద్రాక్షారామ భీమేశ్వరాలయమున శిలాశాసనములు అనేకములు కలవు. అఖండదీపములు వెలిగించుటకు మాడలను సమర్పించిన దాతల పేర్లు వానిలో నున్నవి. ఆ దాతలలో స్త్రీలును కలరు. మాడ యనగా బంగారు నాణెము. వరాహమూర్తి ముద్ర కలది గనుక మఱియొక బంగారు నాణెమునకు వరహా యని పేరు వచ్చినది. దొరలు దానిని 'పగోడా' అనిరి. మాడలు పోయినవి, వరహాలు పోయినవి. "వరహాల మూట", "వరాలకొండ" అని పిల్లలను ముద్దాడు తల్లి నోట మాత్రము వాని ధ్వని మిగిలినది.

నేడు మనము సమస్త ధనమునకును వాడుచున్న 'డబ్బు' అను మాట సయితము ఒకనాడు ఒక్క చిన్న రాగినాణెము పేరే. అది ఆంగ్లేయుల నోటబడి 'డబ్' అయినది. యూల్, బర్నెల్ అను పండితులు 1886లో ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో చోటు సంపాదించుకొన్నది. రాగికాసు పేరు కోటీశ్వరుని సంపదకు పేరైనది. 'కాసు' కథ మఱింత వింతైనది. మన కాసును పోర్చుగీసువారు తమ పలుకుబడిలో మార్చుకొనగా, ఆంగ్లేయులు దానిని 'క్యాష్' అనిరి. నగదు అను అర్థమున వారు నేడు వాడు 'క్యాష్' వేఱు. అది పెట్టె యను అర్థముగల ఫ్రెంచి మాటనుండి పుట్టినది. రెండు మాటలును ఒకే రూపు దాల్చి కలిసిపోయినవి. మన యింట కాసు మెడ కెక్కి కాసులపేరు అయినది. 'సొమ్ము' అను మాటకు డబ్బనియు నగలనియు రెండర్థము లుండుటలోని మర్మము మన తల్లులకు బాగుగా తెలియును. చేతిలోని సొమ్ము కరగిపోవును. మెడలోని సొమ్ము ఆపదలో అక్కఱకు వచ్చును.

ఇక అణాల కాలమునకు వత్తము. నాడు రూపాయికి 16 అణాలు. అణాకు 4 కాణులు. మఱింత చిన్న లెక్కకు అణాను 12 పైలుగా విభజించెడివారు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, పండ్రెండణాలు ముప్పావలా. ఆ లెక్క పోయి తరములు గడచినను మాటలు మన సంసారములలోనే కాపురమున్నవి. నిండైన తెలుగుదనమునకు "పదహారణాల తెలుగు ఆడపడుచు" అందుము. పూసగ్రుచ్చినట్లు లెక్క చెప్పినచో "అణాపైసలతో సహా చెప్పినది" అందుము. చేత ఏమియు లేనివాడు "చిల్లిగవ్వ లేనివాడు". గవ్వలే మారకముగా చెల్లిన కాలపు మాట అది. పనికిమాలినవాడు "చెల్లని కాణి". ఇక "దమ్మిడీ ఆదాయము లేదు, క్షణము తీరిక లేదు" అను సామెత మన ఇల్లాండ్రను చూచియే పుట్టినదేమో యని మాకు అనుమానము! వంట, వార్పు, పసిపిల్లలు, పశువులు, పెద్దల సేవ, ఇన్నిటికిని దమ్మిడీ కూలి లేదు గదా.

1957 ఏప్రిల్ 1వ తేదీనుండి రూపాయికి నూరు నయాపైసలు అను క్రొత్త లెక్క వచ్చినది. 'నయా' అను విశేషణమును 1964 జూన్ 1 నుండి తీసివేసిరి. అప్పుడు బేడ, కాణి క్రమముగా మరుగున పడగా, పావలా మాత్రము ఏల నిలిచినది? లెక్కవేసి చూచిన కారణము తేటపడును. అణా ఆరుంబావు పైసలు, బేడ పండ్రెండున్నర పైసలు. క్రొత్త నాణెములలో వానికి సరిపోవు బిళ్లలు లేవు. రూపాయిలో నాలుగవ వంతు మాత్రము సరిగా 25 పైసలు. కావున పావలా పేరు క్రొత్త బిళ్లమీదికి సుఖముగా చేరినది. ఇంగ్లండులోను ఇట్లే జరిగినది. 1971 ఫిబ్రవరి 15న అచ్చట దశాంశ లెక్క వచ్చి షిల్లింగు పోగా 'బాబ్' పాతబడినది. పౌను నిలిచెను గనుక 'క్విడ్' నేటికిని నిలిచియున్నది. పేరు బ్రతుకుటకు దానికి సరిపోవు లెక్క యొకటి కావలెను.

కాగితపు డబ్బు వచ్చినప్పుడు దానికి మనవారు పెట్టుకొన్న పేరు 'కాగితము'. "పది కాగితము", "వంద కాగితము" అని గోదావరి జిల్లాలలో పెద్దలు నేటికిని అనుచుందురు. మన దేశమున నోట్ల ముద్రణను ప్రభుత్వమువారు 1861 చట్టముతో తమ చేతిలోనికి తీసికొనిరి. మొదటి ప్రపంచయుద్ధములో వెండికి కరవు వచ్చి 1917లో రూపాయి నోటు పుట్టినది. వెండి రూపాయిని రాతిమీద మ్రోగించి మంచి చెడ్డలు తేల్చుకొను అలవాటు గలవారికి ధ్వని లేని కాగితమును నమ్ముట ఎంత కష్టమైయుండునో! నోటు వెనుకప్రక్క నున్న భాషల పట్టికను సోదరీమణులు ఒకమాఱు చూడవలెను. అట్టడుగున ఉర్దూ, దాని పైన మన తెలుగు. చదువుకొనుచున్న ఆడపిల్లకు చేత నోటు పెట్టి ఆ పంక్తిని వెదకి చదువుమనుట మంచి పాఠము.

తరువాత రంగులను బట్టి పేర్లు వచ్చినవి. పచ్చనోటు అనగా పెద్దసొమ్ము. 2016లో వచ్చిన రెండువేల నోటు గులాబీనోటు. దానిని 2023 మే 19న చెలామణినుండి ఉపసంహరించుచున్నట్లు రిజర్వు బ్యాంకువారు ప్రకటించిరి. ఏడేండ్లైనను నిండకముందే ఆ ముద్దుపేరు పాతబడినది. ఇప్పుడు కాగితమునకు బదులు దూరవాణి యంత్రమే ముందుకు వచ్చినది. బండిమీద మల్లెపూలు అమ్ము ఆమె సయితము "ఫోన్‌పే కొట్టండమ్మా" అనుచున్నది. ఏ సంస్థవారి సాధనముతో చెల్లించినను మాట మాత్రము అదే. డబ్బు ఇచ్చుట పోయి డబ్బు కొట్టుట వచ్చినది!

కాగితమును నమ్ముకొన్న ఒక తల్లి కథ చెప్పుదుము. కొత్తపేట చేరువ నొక పల్లెలో ఆమె కాపురము. పాలు పెరుగు అమ్మి, కొబ్బరియీనెలతో చీపుళ్లు కట్టి, ఇంటివారికి తెలియకుండ చేర్చిన పైకమును ఊరగాయ జాడీల వెనుక డబ్బాలో దాచినది. మనుమరాలు సమర్తాడిన నాటికి చెవులకు దుద్దులు చేయింపవలెనని ఆమె కోరిక. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి అయిదువందల, వేయి రూపాయల పాత నోట్లు చెల్లవని ప్రకటన వచ్చినది. బ్యాంకులో జమచేయుటకు డిసెంబరు 30 గడువు. వార్త ఆమె చెవిని పడినది గాని, అది షావుకార్ల మూటల సంగతి యనుకొన్నది. సంక్రాంతికి ఇల్లు దులుపునప్పుడు డబ్బా బయటికి వచ్చినది. అందు అయిదువందల కాగితములు పదునాలుగు, ఏడువేల రూపాయలు. "గాంధీగారి కాగితమండీ ఇది! ఆయన బొమ్మ అట్టే ఉంది గదా, ఎందుకు చెల్లదు?" అని ఆమె అడిగిన మాట మా చెవులలో నేటికిని మ్రోగుచున్నది.

స్త్రీలు డబ్బు దాచుకొనుట దోషమని మేము అనము. కొంగుముడి, పోపులపెట్టె, బియ్యపుడబ్బా తరతరములుగా మన స్త్రీల బ్యాంకులు. మందుకు, పుస్తకమునకు, పుట్టింటి ప్రయాణమునకు ఆదుకొన్నవి అవియే. కాని కాగితమునకు విలువ దానిమీది బొమ్మవలన రాదు. అది చెల్లునను ప్రభుత్వపు హామీవలన వచ్చును. ఆ హామీని వెనుకకు తీసికొనుటయు అప్పుడే మొదలు కాదు. 1946 జనవరిలోను, 1978 జనవరిలోను పెద్ద నోట్లు రద్దైనవి. నాడు వేయి రూపాయల నోటు సామాన్యుల ఇంట కనబడెడిది కాదు గనుక పోపులపెట్టెల కాపద రాలేదు, 2016లో వచ్చినది. పేదరాలి దాపుడు సొమ్మునకు కావలసినది ఆమె పేర నొక ఖాతా, ఆ పుస్తకము ఆమె చేతిలో నుండుట.

ఇక మాలో మిక్కిలి కలవరము కలిగించు సంగతికి వత్తము. డబ్బును గూర్చిన మన వాడుకలో సగము మాట నోట పలికి, సగము మాట మ్రింగివేయుట కలదు. అంబాజీపేటలో కొబ్బరికాయల ధరను వేయింటికి చెప్పుదురు. "కాయ పదివేలు పలికినది" అని రైతు ఇంటికివచ్చి చెప్పినచో, వేయి కాయలకు పదివేలని ఇంటిల్లిపాదికి తెలియును. ఇచ్చట మ్రింగిన మాట 'వేయి'. ఇరువురకును తెలిసినది గనుక చిక్కు లేదు. ఒకరికి తెలిసి వేఱొకరికి తెలియనప్పుడే మోసమునకు త్రోవ యేర్పడును.

వడ్డీ మాటలు చూడుడు. "మూడు రూపాయల వడ్డీ" అని వినినప్పుడు మూడు రూపాయలేగదా యనిపించును. మ్రింగిన మాటలు రెండు: 'నూటికి', 'నెలకు'. పదివేలు అప్పు తెచ్చిన ఇల్లాలు మూడు రూపాయల వడ్డీకి నెలకు 300, ఏడాదికి 3,600 రూపాయలు కట్టవలెను. మూడేండ్లు నిండకముందే కట్టిన వడ్డీ అసలంత యగును. అసలు మాత్రము చెక్కుచెదరక నిలిచియుండును. పది రూపాయల వడ్డీ యైనచో ఏడాది వడ్డీయే 12,000. అది అసలును మించినది! రూపాయి వడ్డీ యనగా నూటికి ఏడాదికి పండ్రెండు. పావలా వడ్డీ యనగా మూడు. బ్యాంకువారు ఏడాది లెక్క చెప్పుదురు, ఊరివారు నెల లెక్క చెప్పుదురు. "బ్యాంకులో పండ్రెండట, మన షావుకారు మూడే" అని మురిసిన యమాయకురాలు వాస్తవమునకు మూడింతలు కట్టుచున్నది.

ఈ పావలా మాటనే ప్రభుత్వమువారు మేలునకు వాడిన సందర్భమును కలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘముల అప్పులకు 'పావలా వడ్డీ' పథకము వచ్చినది. వాయిదాలు తప్పక కట్టిన సంఘములకు ఏడాదికి నూటికి మూడు రూపాయలకు మించిన వడ్డీని ప్రభుత్వము భరించినది. ఆ పేరు వినగానే అక్షరము రాని స్త్రీకి సయితము లెక్క తెలిసిపోయినది. ముద్దుపేరు మేలు చేయుట యనగా అదియే. ఆ సంఘములను నేటికిని 'డ్వాక్రా' అనుచున్నారు. ఆ పేరు గల పథకము 1999లోనే వేఱొక పథకములో కలిసిపోయినది. పావలా బిళ్లవలెనే అదియు పేరుగా మిగిలినది.

దీనికి విరుద్ధముగా 'కాల్‌మనీ' అను మాటను తలచుకొనుడు. బ్యాంకులు ఒకదాని కొకటి స్వల్పకాలమునకు ఇచ్చుకొను అప్పునకు అది పేరు. ఆ పెద్దమనిషి పేరును దొంగవడ్డీ వ్యాపారులు తగిలించుకొనిరి. 2015 డిసెంబరులో విజయవాడలో ఆ వ్యవహారము బయటపడి, అప్పుపడిన స్త్రీలు పడిన బాధలు లోకమునకు తెలిసినవి.

మ్రింగిన మాట సముద్రము దాటియు బాధించును. రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి ప్రాంతములనుండి మన అక్కచెల్లెండ్రు ఎందఱో కువైటు, మస్కటు, దుబాయి పోయి ఇంటిపనులు చేసి, పిల్లలను చదివించుచున్నారు. ఆ దేశముల డబ్బు మనకు బొత్తిగా పరాయిది కాదు. శ్రీనాథ మహాకవి విజయనగరమున దీనారటంకములతో కనకాభిషేకము పొందెనని ప్రసిద్ధి. ఆ దీనారమే నేడు కువైటు దీనారు. మన పైసా ఒమానునకు పోయి 'బైసా' అయినది. అచ్చటి రియాలునకు వేయి బైసాలు. ఒకప్పుడు గల్ఫు తీరమున మన రూపాయియే చెల్లెడిది. 1959లో రిజర్వు బ్యాంకువారు ఆ దేశముల కొఱకు ప్రత్యేకముగా నోట్లు వేసిరి. 1961లో కువైటు, 1966లో ఖతారు, దుబాయి వేఱు నాణెములను ఏర్పఱచుకొనినవి.

అట్లు పోవు చెల్లెలితో మధ్యవర్తి "జీతము నూట ఇరువది" అనును. దీనార్లా, దిర్హములా? ఒక కువైటు దీనారు సుమారు పండ్రెండు దిర్హములకు సమానము. ఆ ఒక్కమాట మ్రింగినచో జీతము పండ్రెండవ వంతునకు దిగును. అప్పు చేసి, పసిబిడ్డను తల్లికి అప్పగించి విమానమెక్కినదానికి అచ్చట దిగిన పిమ్మట తెలిసి ఏమి లాభము?

చివరకు మన పెండ్లిపందిళ్లకు వత్తము. "పిల్లవానికి ముప్పది అడుగుచున్నారు" అని వరండాలలో మాటలు జరుగును. ముప్పది యేమి? లక్షలు. పలుకుటకు సిగ్గుపడియే ఆ మాటను మ్రింగుదురు. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 చట్టముచే నేరము. కావున కట్నమునకు 'లాంఛనములు' అనియు, 'పెట్టుపోతలు' అనియు, పొలమైనచో 'పసుపుకుంకుమ' అనియు పేర్లు పెట్టిరి. పసుపుకుంకుమలవంటి పవిత్రమైన పేరును తగిలించినంత మాత్రమున ఆడపిల్ల తండ్రి చేసిన అప్పు పవిత్రము కాదు. లంచమునకు 'మామూలు' అనియు, దేవునికి కట్టెడి ముడుపు పేరు తీసికొనివచ్చి 'ముడుపులు' అనియు అనుట యెట్టిదో ఇదియు అట్టిదే.

ముద్దుపేర్లు విడువుమని మేము చెప్పము. అవి పోయినచో మన భాష చప్పబడును. పదహారణాలు లేక తెలుగు ఆడపడుచు ఎట్లుండును? సోదరీమణులను మేము కోరునది ఒక్కటే. డబ్బు మాట వచ్చినపుడు మ్రింగిన మాటను పలికింపుడు. నూటికా, వేయింటికా? నెలకా, ఏడాదికా? రూపాయలా, దీనార్లా? అడుగుటలో అవమానము లేదు. వ్రాసియిమ్మనుట అపనమ్మకము కాదు. ఆడపిల్లలకు లెక్కలు నేర్పునప్పుడు వడ్డీలెక్కను ఈ ఊరి మాటలతోనే నేర్పవలెను.

అమలాపురము బజారులోని ఆ చిన్నారికి మేము సమాధానము చెప్పియుండవలసినది. అమ్మాయీ, పావలా యనగా రూపాయిలో నాలుగవ వంతు. మీ మామ్మగారి కాలమున దానితో బేరములు తెగెడివి. ఆ బిళ్ల నీకిప్పుడు దొరకదు. కాని నీవు పెద్దదానవై ఎవరివద్దనైనను అప్పు తీసికొనవలసి వచ్చినపుడు ఆ మాట మరల నీ చెవిని పడును. ఆనాడు నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు అని నీవు వెంటనే చెప్పగలిగినచో, మామ్మగారు నీకిచ్చిన సొమ్ము వృథాపోలేదని మేము సంతోషింతుము.